సాక్ష్యం చెప్పిన మోకాలు

ఆ ఆదివారం డాక్టర్ తబితా చర్చిలో చాప మీద కూర్చునే కునుకు తీస్తోంది. పాపం, తప్పుపట్టడానికి లేదు. పొద్దున ఐదింటికే ఆసుపత్రికి వెళ్లి, హుమ్నాబాద్ రోడ్డు మీద లారీ గుద్దిన మనిషికి తొడలో రాడ్డు వేసి, తిన్నగా బీదర్ శివారులోని చిద్రి చర్చికి వచ్చింది. నలభై రెండేళ్లకే నడుము పట్టేస్తోంది.

ఆమె ఎముకల డాక్టరు అవుతానన్నప్పుడు అందరూ నోళ్లు నొక్కుకున్నారు. సుత్తీ రంపమూ పట్టే పని ఆడదానికెందుకన్నారు. సరే, అందులో గెలిచింది. అక్కడితో ఊరుకుందా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మంచి ఉద్యోగం వదిలి హైదరాబాద్ వెళ్లి, ఏడాదిపాటు ఆటగాళ్ల మోకాళ్లూ భుజాలూ బాగుచేసే విద్య నేర్చుకుని వచ్చింది.

దానికో కారణం ఉంది. చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడే పిల్ల ఒకతి మోకాలు పట్టుకుని వస్తే, పెద్ద డాక్టరు చూసి, "నడుస్తున్నవ్ గద, ఇంకేం గావాలె?" అని పంపించేశాడు. అదే రోజు అదే దెబ్బతో వచ్చిన అబ్బాయికి ఆపరేషన్ చేయాలన్నాడు. రెండు చీటీలూ రాసింది తబితాయే. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

"బీదర్ల ఆటగాళ్లు ఏడ ఉన్నరమ్మా?" అని ఆసుపత్రి పెద్ద వేణుమాధవ్ నవ్వాడు. నవ్వుతూనే గురువారం మధ్యాహ్నాలకు ఒక గది ఇచ్చాడు. ఆయన మాటే నిజమైంది. ఆ గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నొప్పి గోలీల కోసం వచ్చే ముసలమ్మలే. మానేద్దామని తబితా చాలాసార్లు అనుకుంది. మానేయడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

అలాంటి గదికి వచ్చిన అసలైన ఆటగత్తె షెకినా. పంతొమ్మిదేళ్ల పిల్ల. సొంతూరు నిర్ణా. తల్లి నర్సమ్మ చిద్రి బడిలో వంట చేస్తుంది; ఇద్దరూ తబితా వెళ్లే చర్చికే వస్తారు. షెకినా కబడ్డీలో కూతకు వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రాదని పేరు. ఒక ఆటలో మోకాలు మెలితిరిగి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు అనే కట్టు తెగిపోయింది. తబితా కొత్త కట్టు వేసి కుట్టింది. తొమ్మిది నెలలు ఆట ముట్టవద్దనీ, ప్రతి గురువారం వచ్చి కాలికి కసరత్తు చేయాలనీ చెప్పింది. ఐదు నెలలు ఆ పిల్ల ఒక్క గురువారం తప్పలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ షెకినా లేచి నిలబడింది. "ఐదు నెల్ల కింద కాలు కింద పెట్టరాకుండె. ఇప్పుడు ప్రభువు నా మోకాలిని సంపూర్ణంగ బాగుచేసిండు. వచ్చే వారం కాక పై సోమవారం భాల్కిల జిల్లా టీము ఎంపిక ఉన్నది, పోయి ఆడుత. స్తోత్రం!"

సభంతా ఆమెన్ అంది. పాస్టరు సిలాసు, "మన డాక్టరమ్మ సుత ఈడనే ఉన్నది," అని తబితా వైపు చూశాడు. నిద్ర కళ్లతో, అందరి చూపుల మధ్య, ఆమె కూడా ఆమెన్ అంది. గురువారం నాడు మెల్లగా చెప్పుకోవచ్చులే అనుకుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

గురువారం షెకినా రాలేదు. పై గురువారమూ రాలేదు. శుక్రవారం సాయంత్రం తబితా వాళ్ల ఇంటికే వెళ్లింది.

"సాక్ష్యం చెప్పినంక మళ్ల దవాఖాన మెట్లెక్కితే జనం ఏమంటరు తబితమ్మా?" అంది నర్సమ్మ. "దేవుని మీద నమ్మకం లేదంటరు."

"నొప్పి పోయింది గని కట్టు ఇంక పచ్చిగనే ఉన్నది అక్కా. ఇప్పుడు ఆడితే మళ్ల తెగొచ్చు."

"వచ్చే ఏడు టీముకు నా వయసు దాటిపోతది," అంది షెకినా. "నువ్వు సుత ఆమెన్ అన్నవు గద, డాక్టరక్కా."

ఆ పిల్లను ఆపాలంటే సభలో చెప్పిన మాటను సభలోనే సరిదిద్దాలని ఇంటికి వెళ్లే దారిలో తబితాకు అర్థమైంది.

ఆదివారం సాక్ష్యాల వేళ తబితా లేచి నిలబడింది. "మొన్న నేను ఆమెన్ అన్న. అది నా తప్పు. అందరి ముందట కాదనెటందుకు మొహమాటమైంది. దేవుడు పని మొదలువెట్టిండు, నిజమే. అయితే ఇంక నాలుగు నెలలు పడ్తది. ఈ పిల్ల రేపు ఆడితే కాలు ఖరాబైతది."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. షెకినా తలెత్తలేదు.

గురువారం ముసలమ్మలందరూ వెళ్లాక షెకినా ఒక్కతే వచ్చింది. బల్ల మీద పడుకుని కాలు చాపింది. తబితా మోకాలి మీద చేయి వేసి నొక్కి చూసింది.

"భాల్కికి పోలేదు గద?"

"బస్టాండు దాక పోయిన. అమ్మ ఎనుక వచ్చి గుంజుకొచ్చింది."

"మంచిగైంది."

"ఏం మంచిగైంది అక్కా? గల్లీల అందరు నన్ను అబద్ధపు సాక్ష్యం చెప్పిన పిల్ల అంటున్నరు. అమ్మను బడిల సుత అడుగుతున్నరంట."

తబితా చేయి మోకాలి మీదే ఆగిపోయింది. తన తప్పు తాను ఒప్పుకుంటే సరిపోతుందనుకుంది. ఆ ఒప్పుకోలు భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. ఇన్నేళ్ల అలసటంతా ఒక్కసారి మీద పడినట్టయింది.

"మోకాలు నాలుగు నెలల్ల బాగైతది అంటివి," అంది షెకినా, పైకప్పు వైపు చూస్తూ. "గీ చెడ్డపేరు ఎన్ని నెలలకు బాగైతది?"

"నాకు తెల్వది బిడ్డా," అంది తబితా.

షెకినా తనే కాలు ఎత్తి, ఒకటి అని కసరత్తు లెక్క మొదలుపెట్టింది.