బ్రేక్ పెడల్‌కు మా మిల్లు పరీక్ష

మంచి వస్తువును చేజేతులా ఎలా నాశనం చేయాలో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. నాలుగేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. సగం మంట కంపెనీ మీద, సగం నా మీద. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తమిళ నేల మీది తెలుగువాళ్లం మేము, రాజపాళయంలో మాకు సర్జికల్ గుడ్డ నేసే మిల్లు ఉంది. గాయాలకు కట్టే గుడ్డల ఇంట్లో పుట్టి నేను పట్టుకున్నదేమో కంప్యూటర్ ముందు కూర్చుని కారు రేసులు ఆడటం. బల్లకు స్టీరింగ్, కాళ్ల దగ్గర పెడళ్లు. స్టీరింగ్ బంగారం. పెడళ్ల గురించి చెప్పబోతే నోట మంచి మాట రాదు. కొన్న నాలుగో నెలకే బ్రేక్‌కు పిచ్చి పట్టింది. గట్టిగా తొక్కితే కారు ఆగదు, కాలు తీసేస్తే దానంతటదే ఆగుతుంది. కింద ఉన్న ప్లాస్టిక్ తొక్కినప్పుడల్లా అప్పడంలా వంగేది. పెట్టె మీద "ఉక్కులాంటి తయారీ" అని రాసిన మహానుభావుడు ఉక్కును బొమ్మలో కూడా చూసి ఉండడు.

కంపెనీకి ఫోన్ చేశాను.

"వీడియో పంపండి సార్."

పంపాను.

"వెలుతురు చాలలేదు సార్."

మళ్లీ పంపాను.

"పెడల్ తుడిచి చూశారా సార్?"

"తుడిచాను. తలంటు పోయడం ఒక్కటే మిగిలింది, మీరు వచ్చి పోస్తారా?"

మూడు వారాలు అరిచాను. చివరికి నా గొంతు భరించలేక, మొత్తం లోహంతో చేసిన కొత్త రకం పెడళ్లు పంపారు. శుక్రవారం కొరియర్‌వాడు అవి ఇచ్చి పాతవి పట్టుకుపోయాడు.

శనివారం సాయంత్రం ఆరింటికి రేసు. ఇద్దరు జట్టుగా, ఎవరింట్లో వాళ్లు సొంత పెడళ్లతోనే ఆడాలి. సగం నేను, మిగతా సగం సేత్తూరులో ఉండే మా అత్త కొడుకు కార్తి. గెలిస్తే చెన్నైలో ఫైనల్. పొలం పని ముగించుకుని వచ్చి వాడు మూడు నెలలుగా రోజూ సాధన చేస్తున్నాడు. ఒకరు రాకపోతే జట్టు మొత్తం ఔట్.

"బావా, పెడల్ వచ్చినాదా?" అని ఫోన్ చేశాడు.

"వచ్చినాది. నమ్మేది ఎట్లా? పాతది కూడా మొదట బాగానే ఉండె."

"రెండు చుట్లు ఆడి చూడు బావా. సరిపోతుంది."

బుద్ధి ఉన్నవాడెవడైనా అదే చేస్తాడు. కానీ నేను మిల్లువాణ్ణి. మా మిల్లులో ఏ లాట్ అయినా, అంటే ఒక విడత సరుకు, గేటు దాటేముందు అందులోంచి ఒక ముక్క కత్తిరించి, మిషన్‌కు బిగించి, చిరిగేదాకా లాగుతారు. మా నాన్న పెట్టిన పద్ధతి. నాణ్యత అంటే నాకు తెలిసింది అదొక్కటే.

శనివారం పొద్దున పెడళ్లు చంకలో పెట్టుకుని టెస్టింగ్ గదికి వెళ్లాను. అక్కడ సెల్వి అక్క ఉంటుంది. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వస్తుంది. తమిళం ఆమె ఇంటి భాష. మిల్లులో ఉండి ఉండి మా తెలుగు మాకన్నా బాగా మాట్లాడుతుంది.

"ఇదేమి తంబి, బండి బ్రేకా?"

"గేమ్ బ్రేక్ అక్కా. మిషన్‌లో పెట్టి లాగాల."

"గేముకు ఇంత ఇనుమా. సరి, ఎంతవరకు లాగేది?"

"గుడ్డను ఎంతవరకు లాగుతాము?"

"చిరిగేదాకా."

"అట్లే."

ఆమె నన్నూ పెడల్‌నూ మార్చి మార్చి చూసింది. "నాయనను ఒక మాట అడిగి చేస్తామా తంబి?"

"నేను చెప్తా ఉండాను గదా."

అది ముదలాళి కొడుకు గొంతు, యజమాని గొంతు. ఆ గొంతును ఇప్పుడు పట్టుకుని నాలుగు తన్నాలని ఉంది.

తొక్కే దిక్కునే లాగేలా బిగించాము. మిషన్ మొదలైంది. కంపెనీ చెప్పిన బరువు దాటింది. పెడల్ వంగలేదు.

"చాలు తంబి, ఆపేస్తాము. బాగానే ఉండాది."

"లాగక్కా."

మూడు వారాల కోపం నాది. ఎక్కడో ఒకచోట దీని గుట్టు బయటపడాలని పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. చివరికి ఫట్‌మని శబ్దం వచ్చింది. బ్రేక్ మొదలంటా విరిగి, వైర్లు బయటికి వేలాడాయి.

"చూసినావా అక్కా, విరిగినాది," అన్నాను, ఏదో కప్పు గెలిచినట్టు.

సెల్వి అక్క తొందరపడలేదు. రిపోర్టు కాగితం తీసి అంకె వేసింది. "కంపెనీ చెప్పినదానికి రెండింతలు తాళినాది తంబి. పాస్." ముద్ర కూడా కొట్టింది. తర్వాత కింది గడి దగ్గర పెన్ను ఆపి అడిగింది. "ఇది శాంపిల్. లాట్ ఎక్కడ ఉండాది?"

అప్పుడు వెలిగింది నాకు.

"ఇదే లాట్ అక్కా."

కార్తికి ఫోన్ చేశాను.

"ఎట్లా ఉండాది బావా కొత్తది?"

"చాలా గట్టిది."

"అట్లయితే ఆరింటికి చూస్తాము."

"లేదురా." జరిగింది చెప్పాను.

"ఆడి చూడమంటిని గదా బావా," అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం వాడు ఒక్కడే స్టీరింగ్ ముందు కూర్చుని, ఇతరులు ఆడే రేసు చూశాడట. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా మిల్లు గుడ్డ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఒక్కటే ఉన్న వస్తువును ఇకమీద శాంపిల్ అనను, విరిగేదాకా పరీక్షించను. ఈ ప్రమాణం కార్తి ముందు కూడా చేశాను. వాడు శ్రద్ధగా విన్నాడు. నేను మళ్లీ కొన్న పెడళ్లను మాత్రం సేత్తూరులో తన బీరువాలో పెట్టుకున్నాడు. రేసు రోజు బైకు మీద తెస్తాడు, అవగానే పట్టుకుపోతాడు.