షేడ్ కార్డుకెక్కిన జ్వరం

రంగుల దుకాణంలోకి యంత్రం వచ్చి ఆరేళ్లయింది. నంబరు నొక్కితే డబ్బాలోకి చుక్కచుక్కగా రంగు దించి, గిరగిరా తిప్పి ఇచ్చేస్తుంది. అయినా పాత గోడ పెచ్చును కాగితంలో చుట్టుకొచ్చినవాళ్లు యంత్రం వైపు చూడరు. "రంగుల బాబాయ్ ఉన్నాడా?" అని అడుగుతారు. యంత్రానికి కొత్త రంగులే తెలుసు. ఇరవై ఎండలు కాగి, ఇరవై వానలు తాగిన గోడ రంగు ఆయనకే తెలుసు. పెచ్చును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తెల్ల అట్ట మీద పెట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. తర్వాత నలుపు ఒక చుక్క, మట్టిపసుపు అర చుక్క. "కాస్త వయసు కలిపానమ్మా, తీసుకెళ్లు" అంటాడు. ఆరాక అతుకు ఎక్కడుందో ఆ ఇంటివాళ్లకే తెలియదు.

ఇంట్లోనూ అదే వరస. ఆకాశం నీలంగా ఉందంటే ఊరుకోడు, "ఏ నీలం?" అంటాడు. ముప్పై ఏళ్లలో తన బట్టల రంగు ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదని భార్య మీద ఆయన ఫిర్యాదు. ముప్పై ఏళ్లలో ఆ బట్టలు బాగున్నాయని ఒక్కసారీ అనలేదని ఆవిడ ఫిర్యాదు.

గడ్డి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో, ఊరి చివర పశువుల కొట్టం కంచె రంగు సరిచూడటానికి వెళ్లి, ఆ గడ్డిలో గంటసేపు చతికిలబడ్డాడు. మోకాలి వెనక నువ్వుగింజంత పిడుదు ఎప్పుడెక్కిందో, ఎన్నాళ్లు రక్తం తాగిందో, ఎప్పుడు రాలిపోయిందో ఆయనకు తెలియదు. రంగులకు తప్ప తక్కిన లోకానికి ఆయన కళ్లు అంత పదునైనవి కావు.

మూడు వారాలకు జ్వరం వచ్చింది. వణుకు, పక్క తడిసే చెమట. వీధి చివరి ఆసుపత్రిలో రక్తం చూసి, ఎర్రకణాల్లో చిన్న చిన్న ఉంగరాలున్నాయన్నారు. మలేరియా అని మాత్రలిచ్చారు. మర్నాటి పొద్దుటికి మూత్రం రంగు మారింది.

"ఏవండీ, షేడ్ కార్డు పట్టుకుని బాత్రూంలోకేమిటి?"

"నలభై రెండు" అని లోపల్నుంచి జవాబు.

"ఏమిటి నలభై రెండు?"

"అదే. ముదురు తేనె."

"ఛీ ఛీ! రేపు ఆ కార్డే జనానికి చూపిస్తారు, మీ హాల్లోకి ఏ రంగు కావాలని!"

ఆ కార్డులో అంకె పెరిగేకొద్దీ రంగు ముదురు. రెండో పొద్దున నలభై నాలుగు. మూడో పొద్దున నలభై ఏడు, దాని పేరు తడి మట్టి. నాలుగు మెట్లెక్కితే కొలిమితిత్తిలా రొప్పు. అద్దంలో కళ్లు చూసుకుని, "ఈ తెలుపులో పసుపు ఎవరు కలిపారోయ్?" అన్నాడు. భార్యకు నవ్వు రాలేదు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మకు ఆయన కూతురంత వయసుంటుంది. మూడు అంకెలు రాసిన చీటీ, కార్డు చూసి నవ్వేసింది.

"ఇదేంటి బాబాయ్ గారూ!"

"మీ మాత్ర పనిచేస్తే రంగు పలచబడాలి కదమ్మా. ముదురుతోంది. మూడు రోజులూ ఒకే కిటికీ, ఒకే వేళ, ఒకే గాజుగ్లాసు."

"గ్లాసా? ఏ గ్లాసు?" భార్య గొంతు లేచింది.

"మొన్న పగిలిపోయిందన్నానే, అది."

డాక్టరమ్మ మాత్రం నవ్వడం మానేసి మూడు అంకెల్నీ మళ్లీ చదివింది. "ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా? మొదటి రోజు అడిగితే లేదన్నారు."

"లేవమ్మా."

"లేకపోవడమేంటి!" అంది భార్య. "పెళ్లికి ముందు నిచ్చెన మీంచి పడితే ప్లీహం తీసేశారని మీ అమ్మే కదా చెప్పింది?"

"అది ఇప్పుడు లేదు కదా. లేనిదాని గురించి ఏం చెప్తాం?"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, తిన్నగా ల్యాబ్‌లోకి నడిచింది. అక్కడి పెద్దావిడ స్లైడును ఈసారి ఓపిగ్గా, అంగుళం అంగుళం వెతికింది. ఒకచోట నాలుగు చుక్కలు కూడిక గుర్తులా అతుక్కుని కనిపించాయి. మలేరియా ఎప్పుడూ అలా కూర్చోదు. బబేసియా. పిడుదు కాటుతో రక్తంలో చేరే పురుగు.

"చాలామందికి ఇది వచ్చిపోయినట్టు కూడా తెలియదు" అంది డాక్టరమ్మ. "పాడైన కణాల్ని వడకట్టేది ప్లీహం. మీకది లేదు కాబట్టి దీనిది ఆడింది ఆట."

"తెలిసింది. గుడ్డతో వడకట్టకుండా రంగు పూస్తే ఉండలన్నీ గోడ మీదే."

"అదే. నూటికి పద్నాలుగు కణాల్లో పురుగుంది. రక్తం సగమైంది, అందుకే ఆ రొప్పు. పగిలిన కణాల రంగే మీ నలభై ఏడు. అది కిడ్నీలకు అడ్డం పడుతోంది. రెండు మూడు రోజుల్లో తేటపడకపోతే వాటి పని డయాలసిస్ యంత్రానికి అప్పజెప్పాలి."

దుకాణంలో యంత్రం పక్కన ఆయన ఆరేళ్లు నెగ్గుకొచ్చాడు. ఈ యంత్రం అలాంటిది కాదు. వారానికి మూడు రోజులు మంచానికి కట్టేస్తుంది. ఇక కిటికీ ఎప్పుడు, పెచ్చు ఎప్పుడు? భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఆనుకుని సర్దుకు కూర్చున్నాడు.

అదే రోజు పెద్దాసుపత్రికి తరలించారు. మందులు మార్చారు, రక్తం కూడా మార్చాలన్నారు.

"పాత సున్నం గోకి కొత్త పూత వేస్తారన్నమాట" అన్నాడు నర్సుతో.

"గోకుతూనే పూస్తాం, బాబాయ్. కదలకండి."

ఒక గొట్టంలో ఆయన వెళ్లిపోతున్నాడు, ఇంకో గొట్టంలో ఎవరెవరో వస్తున్నారు. సంచి వెనక సంచి. ఎవరి పొద్దుటి నడకో, ఎవరి కోపమో, ఎవరి కూనిరాగమో వెచ్చగా మోచేతి మడతలోంచి లోపలికి దిగుతోంది. అన్నీ ఒకే ఎరుపు. జీవితంలో మొదటిసారి ఆయనకు తేడా కనిపెట్టబుద్ధి కాలేదు.

మర్నాడు నలభై ఆరు. ఆ మర్నాడు నలభై ఒకటి. మూడో పొద్దున నర్సు సీసా తెచ్చింది.

"తెర తియ్యమ్మా. ట్యూబులైటు అబద్ధాలాడుతుంది." ఒక కన్ను మూశాడు. "ముప్పై ఒకటి."

భార్య కార్డు లాక్కుంది. "ముప్పై ఒకటా! మీ మొహం. ఇరవై ఎనిమిది."

"నీకు ఊదాకీ వంకాయరంగుకీ తేడా తెలియదు."

"ఇది వంకాయా? ఇదిగో, పక్కన పెట్టి చూడండి. ముప్పై ఒకటిలో ఎరుపు పోలేదు. దీంట్లో ఉందా, ఉంటే చూపించండి!"

చూశాడు. మళ్లీ చూశాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఇరవై ఎనిమిదే" అన్నాడు.

గుమ్మంలో రిపోర్టు పట్టుకుని నిలబడ్డ పెద్దాసుపత్రి డాక్టరు గారు, "ఏదైతేనేం, కిడ్నీలు నిలబడ్డాయి. యంత్రం అక్కర్లేదు" అన్నారు. భార్య కార్డు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఇంటికి పంపేటప్పుడు ఇంకా నెలపైన మందులన్నారు, వారం వారం స్లైడు చూస్తామన్నారు, జన్మలో ఎవరికీ రక్తమివ్వకూడదన్నారు. ఆ చివరి మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

"నాకిచ్చిందెంతమంది?"

"ఎనిమిది మంది. పేర్లు చెప్పం" అంది నర్సు.

వీధి మలుపులో ఆటో దిగి, భార్య చెయ్యి ఆనుకుని మెల్లగా నడిచాడు. సైకిలు తుడుచుకుంటున్నాయనకు తల ఊపాడు. పాల ప్యాకెట్లతో పోతున్నావిడను చూసి నవ్వాడు. బట్టలారేస్తున్నవాళ్లను, బస్సు కోసం చేతులు కట్టుకు నిలబడ్డవాళ్లను, అందరినీ ఏదో బాకీ ఉన్నవాడిలా పలకరించుకుంటూ పోయాడు. ఆఖరికి గోడ విషయంలో పన్నెండేళ్లుగా మాటల్లేని తాళాలు బాగుచేసే పక్కింటాయన ముందు ఆగి, "బాగున్నావా అన్నయ్యా?" అన్నాడు.

తాళాలాయన బిత్తరపోయి చేతిలోని ఆకురాయి జారవిడిచాడు.

"ఆయనకి సూదంటే భయమండీ" అని చెవిలో గొణిగింది భార్య. "ఆయన ఇచ్చి ఉండడు. నడవండి."

"ఉండవోయ్" అన్నాడు ఆయన, "ఏమో, ఎవరికి తెలుసు?"