రంగు కలపని గుంటలో వెలుగు

ఏళ్ల తరబడి ఒక వాక్యాన్ని మోస్తున్నాను. చిన్న వాక్యమే. ఇతరులు చెప్పే ప్రతిదానికీ రుజువు అడగడమే వృత్తిగా బతికే నేను, నా దగ్గరున్న ఒక రుజువును మాత్రం దాచిపెట్టాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో కొత్తగా చేరాను. కణంలో చెడు చేసే ప్రోటీన్‌ను పట్టించి, కణం చేతనే దాన్ని ముక్కలు చేయించే మందుల మీద అక్కడ పరిశోధన. ఆ మందు కణంలో ఎక్కడికి చేరిందో కనిపించాలంటే దానికి వెలిగే రంగును తగిలించాలి. రెండింటినీ కలిపే చిన్న గొలుసే లింకర్. టిచ్ బటన్‌లా టక్కున అతుక్కుంటుంది కనుక ఆ పద్ధతిని క్లిక్ కెమిస్ట్రీ అంటారు. ఆ లింకర్లు తయారుచేసేది మా సీనియర్, సమీనా అక్క. ఆమెది బోధన్, మాది ఆర్మూర్. ఒకే జిల్లావాళ్లమని నన్ను చేరదీసి పని నేర్పింది. రంగు కలపని కణాలు చీకటిగా ఉన్నాయో లేదో ముందు చూడాలనీ, అప్పుడే మిగతా వెలుగును నమ్మాలనీ ఆమె నియమం.

ఆ ఏడు కొత్త పసుపు మర పట్టించగానే, మా ఇంటి అలవాటు ప్రకారం అయినవాళ్లకు పంచడానికి ఒక సంచి తెచ్చాను. ద్రావకాల సీసాల పక్కనే కూర్చుని, ప్రయోగశాల త్రాసు మీద తూచి పొట్లాలు కట్టాను.

“ఏందిరా, మార్కెట్ యార్డే ఎత్తుకొచ్చినవా?” అని నవ్వింది అక్క.

“పెద్ద పొట్లం నీకే అక్కా.”

“మస్తు సంబురం గని, గీడ కడ్తవారా? చేతులు, బల్ల అన్నీ మంచిగ కడుగు. పసుపు ఊకె పోదు.”

బల్ల తుడిచాను. కడగలేదు. పొట్లాలు కట్టిన చేతి తొడుగులతోనే ద్రావకం సీసా మూత తీశాను.

ఆ ద్రావకంతోనే అక్క ప్రయోగం చేసింది. కణాలు పెంచే గుంటల పళ్లెంలో, రంగు కలపని గుంటలోని కణాలు కూడా పచ్చగా వెలిగాయి.

“కడిగినవ్ గదరా?” అని అడిగింది.

“కడిగిన అక్కా.”

అన్నిటికీ రుజువు అడిగే మనిషి, నా మాటకు అడగలేదు. అక్కే అజాగ్రత్తగా ద్రావకంలో రంగు చిందించిందని మా పరిశోధన గైడ్ తేల్చి, ఆ పనిని మరొకరికి అప్పగించారు. ఆమె పరిశోధన మొదటికొచ్చింది. తర్వాత నేను ఒంటరిగా పరీక్షించాను. ఆ వెలుగు మా రంగుది కాదు, పసుపుది; మైక్రోస్కోపు కాంతి పడితే పసుపు కూడా పచ్చగా వెలుగుతుంది. తెలిసీ ఎందుకు ఊరుకున్నాను? నన్ను పంపించేస్తారన్న భయమా? ఆమె నన్ను మెచ్చుకోవడం మానేస్తుందనా? రెండో కారణమే బలమైనదని ఇప్పుడు అనుకుంటాను. దానికి మాత్రం నా దగ్గర రుజువు లేదు.

ఆమె తన పనిని కొత్తగా మొదలుపెట్టుకుంటూనే నా మొదటి వ్యాసాన్ని పక్కన కూర్చుని దిద్దింది. ఈరోజు ఎవరి ఫలితాన్ని సరిచూసినా, ముందు ఆ చీకటి గుంట కోసమే వెతుకుతాను. ఆ చూపు ఆమె ఇచ్చిందే. నా చదువులో నమ్మదగినదంతా ఆమె పెట్టిన భిక్షే.

ఈ ఏడు పసుపు వేళకు మళ్లీ ఆర్మూర్ వచ్చాను. వాకిట్లో పసుపు కొమ్ములు ఎండుతున్నాయి. పొట్లాలు కడుతూ అమ్మ, పెద్దది ఎవరికని అడిగింది. లేచి వెళ్లి అక్కకు ఫోన్ చేశాను. ఇప్పుడామె ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. అంతా చెప్పాను, గైడ్‌కు కూడా చెబుతానన్నాను. చివరిదాకా విన్నది. క్లాసుకు వేళయిందని పెట్టేసింది. క్షమించమని నేను అడగలేదు. మధ్యలో పెట్టేయకుండా విన్నందుకు మాత్రం జీవితాంతం కృతజ్ఞుణ్ణి.

ఇన్నేళ్లుగా మోసిన వాక్యం ఇది: ఆ గుంటలో వెలిగింది నేను తెచ్చిన పసుపు.