కొండపాకోళ్ల నెత్తురు

సుమయ్యంటే నాకు పడదు. ఇప్పటికీ పడదు. ఆమెకు ముక్కు మీద కోపం, నోటి నిండా కారం. సిద్దిపేటలో భూపతి సార్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె పక్క కుర్చీలో కూర్చుని పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆమెతో చాయ్ తాగినా తగువే. కానీ ఆ భూపతి కంటే ఆమె వెయ్యి రెట్లు నయం.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. దీక్షా శిబిరం పక్కనే రక్తదానం పెట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఊళ్లోవాళ్ల నెత్తురుతో పేరు తెచ్చుకోవాలని భూపతి ఆశ. కాగితాలు అక్కర్లేదు, దాతల వివరాలన్నీ మా అప్లికేషనే చూసుకుంటుందని పెద్దల ముందు గొప్పలు పోయాడు. రక్తం తీసుకునే ప్రైవేటు దవాఖానవాళ్లు ఒకటే షరతు పెట్టారు. సంచి మీది నంబరుకు మనిషి వివరాలు దొరక్కపోతే ఆ రక్తం పారబోస్తారు.

అప్లికేషన్‌ను డేటాబేస్‌కు కలిపే పని సుమయ్యది. ఒక్కొక్కరి వివరాలు ఒక్కో తీరుగా ఉంటాయని, మనిషికొక పత్రం చొప్పున దాచుకునే డాక్యుమెంట్ డేటాబేస్‌ను ఎంచుకుంది. ఈ పత్రాలను అటు చేరవేయడానికి మధ్యలో ఫ్రేమ్‌వర్క్ ఉంటుంది. దాన్ని బంట్రోతు అనుకోండి. ఆ రోజుల్లో ఆ బంట్రోతుకు ఒక జబ్బుండేది. పత్రాన్ని గుమ్మంలో పడేసి, లోపల తీసుకున్నారో లేదో చూడకుండానే వచ్చి పనైపోయింది అనేవాడు. జవాబు వచ్చేదాకా ఆగమని సెట్టింగులో మనమే ఒక వరుస రాయాలి. సుమయ్య రాసింది.

రక్తదానానికి ముందురోజు పరీక్షిస్తే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒకే ఫోన్ నంబరుతో ఇద్దరు ఉండకూడదని భూపతి పెట్టించిన నియమం వల్ల రెండో మనిషిని డేటాబేస్ వెనక్కి పంపింది. ఊళ్లలో వాడ మొత్తానికి ఒకటే ఫోన్ ఉంటుంది, ఆ నియమం తీసేయాలని సుమయ్య పట్టుబట్టింది. ఫోన్ కూడా లేనివాడు మనకెందుకని భూపతి నవ్వాడు. సాయంత్రానికి నియమం తానే తీసేశానన్నాడు. పచ్చి అబద్ధం. నియమం అలాగే ఉంచి, జవాబు కోసం ఆగమన్న వరుసను చెరిపేశాడు. పెద్దల ముందు ఎరుపు కనిపించకూడదు, అంతే అతనికి కావలసింది. సుమయ్య నోరు మంచిది కాదని ఆమెను ఆఫీసులో ఉంచి, శిబిరంలో నన్ను కూర్చోబెట్టాడు.

కొండపాక నుంచి కూలీలు నడిచి వచ్చారు. వాళ్లలో ఫోన్ ఉన్నది రాజం ఒక్కడికే. అందరూ అతని నంబరే చెప్పారు. చివర వచ్చినవాడు యోబు. ప్రతిసారీ పచ్చ అక్షరాల్లో ‘నమోదైంది’ అని వచ్చింది, దాని కింద అప్లికేషన్ ఇచ్చిన నంబరు వచ్చింది, ఆ నంబరు సంచికి అంటింది.

సాయంత్రం ఆఫీసుకు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. చూస్తే డేటాబేస్‌లో కొండపాకవాళ్లలో రాజం ఒక్కడే ఉన్నాడు; అదే ఫోన్ నంబరని మిగతావాళ్లను అది వెనక్కి పంపేసింది. మిగతా సంచుల్లో ఏది ఎవరిదో చెప్పే ఆధారం లేదు. సుమయ్య కోడ్ తెరిచి, తన వరుస లేకపోవడం చూసింది. భూపతి గొంతు తగ్గించాడు.

"అందరు ఒక్క వాడోళ్లే గదా. తలా ఒక పేరు అంటియ్. ఎవలకెరుక?"

"ఎక్కిచ్చుకున్నోడు సస్తే ఎరుకైతది" అని ఆమె అతని ముందే దవాఖానకు ఫోన్ చేసి, ఆ సంచులు పారబోయమంది.

ఆ నిమిషమే ఆమె ఉద్యోగం పోయింది. మర్నాడు భూపతి దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని, ఉద్యమం కోసం ఇచ్చిన నెత్తురును సుమయ్య కావాలనే పారబోయించిందన్నాడు. జనం ఆమె తండ్రి ఇషాక్ దర్జీ దుకాణం ముందుకొచ్చి ద్రోహులన్నారు. నేను నిజం చెప్పబోతే నన్నూ తిట్టారు. నాకు భూపతి మీద పుట్టిన అసహ్యం ఈ రోజుకీ చావలేదు.

సుమయ్య నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని కొండపాక వెళ్లింది. యోబు ఇంటి ముందు నిలబడి జరిగింది చెప్పింది. అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎండల నడిచొచ్చి ఇస్తే మోర్ల పోసిన్రా? రాజం పేరుంది, మా పేర్లే పోయినయా?"

"పోపిచ్చింది నేనే" అందామె. భూపతి పేరెత్తలేదు. వాడవాళ్లు మమ్మల్ని ఊరి బయటిదాకా తరిమినంత పని చేశారు.

తర్వాత ఆ దవాఖానవాళ్లే ఆమెను పనిలో పెట్టుకున్నారు. నెలలు గడిచి మళ్లీ రక్తమిచ్చే వేళకు కొండపాక నుంచి దవాఖానకు యోబు ఒక్కడే వచ్చాడు. నర్సు పిలిచినా చొక్కా చెయ్యి మడవలేదు. సుమయ్య బల్ల ముందు నిలబడి తెర వైపు వేలు చూపాడు.

"మొదలు నా పేరు గండ్ల సూపెట్టు. గప్పుడు సూది."

ఆమె అతని వివరాలు ఎక్కించి, జవాబు వచ్చేదాకా ఆగి, డేటాబేస్ నుంచి పత్రాన్ని మళ్లీ తెప్పించి తెర అతని వైపు తిప్పింది. యోబు కూడబలుక్కుంటూ తన పేరు చదివాడు. ఆమె ముఖం చూడకుండానే వెళ్లి చెయ్యి చాపాడు.