చెంబులో వినిపించిన మగ్గం

మా ధర్మవరం నేతవీధిలో కుళ్ళాయప్ప మామ బెంగంతా పెళ్ళాం మెడ గురించే. నాగరత్నమ్మత్త రోజూ ఊరవతలి బావి నుంచి నెత్తిన బిందెలు మోసి మోసి, మెడ తిప్పలేని స్థితికొచ్చింది. వీధి చివరున్న తమ మెట్టచేనులో మామ రెండుసార్లు బావి తవ్వించాడు. రెండుసార్లూ బండ అడ్డమొచ్చింది.

1958లో పెళ్ళికని పెనుకొండ పోయినప్పుడు ఆయన కంట సర్వేవాళ్ళు పడ్డారు. నేలను సమ్మెటతో కొట్టి, ఆ అదురును యంత్రంతో పట్టి, బండ ఎంత లోతులో ఉందో చెబుతున్నారు. యంత్రం ధర అడిగితే నవ్వారు. నవ్వితే ఊరుకునే మనిషా ఆయన! హిందూపురం పాతసామాన్ల అంగడిలో చెవులకు తగిలించుకునే మిలిటరీ ఫోను కొన్నాడు. సైకిల్ డైనమోలోని అయస్కాంతం, రాగితీగ చుట్ట, ఒక స్ప్రింగు కలిపి అత్త పుట్టింటి ఇత్తడి చెంబులో బిగించాడు. తీగ కొసలు ఫోనుకు కలిపి, ఆ చెంబును చేనులో దాని మెడదాకా పాతాడు.

అదురు వినబడాలంటే మగ్గాల మోత ఉండకూడదు. అందర్నీ బతిమాలి మధ్యాహ్నం ఒక గంట మగ్గాలు ఆపించాడు. ఆపినవాళ్ళం ఇంట్లో కూర్చుంటామా, అందరం చేనుకు పోయాం. మాలో బలమైన నేతగాడు తిమ్మప్ప సమ్మెట ఎత్తాడు.

"ఉండప్పా, కొట్టొద్దు! లోపల ఎవురో మగ్గం నేస్తాండారు" అన్నాడు మామ.

వంతులవారీగా అందరం విన్నాం. నిజమే. నేసేవాళ్ళమంతా అక్కడే ఉన్నాం. మా వీధిలో ఆడవాళ్ళు పట్టు చుడతారు, పోగులు అతుకుతారు. గుంటలో కాళ్ళు పెట్టి నేసేది మాత్రం మగవాళ్ళే. కాబట్టి ఆ నేసేవాడు పాతాళంలో ఉన్నాడని తేల్చాం. అంతమందికీ కలిపి ఒక్క బుర్ర కూడా లేకపోయింది!

మరునాటికి చెంబుకు పసుపు కుంకుమలు వచ్చాయి. మామ ఎదురింటి ఈరన్న టెంకాయ కొట్టాడు. పాతాళంలో పట్టు యాడ దొరుకుతుందని వాదించుకుంటూ రోజూ పొద్దు వాలేదాకా చేనులోనే ఉండిపోయాం. చీరల వ్యాపారి గోవిందరాజులు కూడా వచ్చి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"కుళ్ళాయప్పా, ఆయప్ప కూలికి నేస్తాడేమో అడుగు. నా పెండ్లిచీర శివరాత్రికి ఇయ్యకపోతే, నీ మగ్గం మీదుండే పట్టు తీస్కపోయి ఆయప్పకే ఇస్తా."

మామ ముఖం వాడిపోయింది. యంత్రం పిచ్చిలో ఆయన మగ్గం ముట్టి నెల దాటింది. ఆ చీర పోతే ఇల్లు గడవదు. దిగాలుగా ఫోను తగిలించుకుని, ఈసారి దెబ్బ పడే తీరు మీద ధ్యాస పెట్టాడు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, కాస్త ఆగి మళ్ళీ గట్టిగా. మా వీధిలో ఎవరి మగ్గం దెబ్బ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. చీల వదులై అలా కుంటే మగ్గం ఒక్కటే ఉంది. అది ఆయనదే.

ఫోను పారేసి ఇంటికి పరిగెత్తాడు. వెనకే మేమూ పరిగెత్తాం.

మగ్గం గుంటలో నాగరత్నమ్మత్త కూర్చుని ఉంది. గోవిందరాజులు పెండ్లిచీర కొంగుదాకా వచ్చేసింది. మమ్మల్ని చూసి కూడా ఆమె పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపలేదు.

"నీళ్ళు వినపడినాయా?" అని మొగుణ్ణి అడిగింది.

"లేదే. నువ్వు వినపడినావు."

"అట్లయితే యంత్రం బాగనే ఉండాది. నా చెంబు తెచ్చి ఈడ పెట్టు."

మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాకు తలెత్తి చూడ్డానికి ముఖం చెల్లలేదు.

శివరాత్రికి ముందే చీర గోవిందరాజులుకు చేరింది. బావి మాత్రం పడనేలేదు. అత్తను మగ్గం గుంటలో చూసిన మరునాటి నుంచి మామే భుజాన బిందె పెట్టుకుని నీళ్ళకు బయల్దేరాడు. ఆడవాళ్ళ పని చేస్తున్నాడని వీధి వీధంతా నవ్వింది.

"ఏమప్పా, నువ్వు బిందె మోస్తాండావు?" అని ఈరన్న అడిగాడు.

"ఏం చేసేదబ్బా, ఇంట్లో మగ్గం ఖాళీ లేదు" అని మామ నడక ఆపకుండా చెప్పాడు.