ఒడిసెలతో వేసిన ఏరియల్

ఆ రోజుల్లో నా దగ్గర ముచ్చట్లకు కొదవ లేదు, రాయడానికి అక్షరాలే లేవు. తోటి పిల్లలు పలకలు పట్టుకొని బడికి పోయే వేళకు నేను ఒడిసెల పట్టుకొని జొన్నచేలో మంచె ఎక్కేదాన్ని. రెండు తాళ్ల నడుమ రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలితే పిట్టల గుంపంతా లేచి పక్క చేలో వాలేది (ఆ చేనువాళ్లు నన్ను ఏమని తిట్టేవారో ఇక్కడ రాయను, నేను అక్షరాలు నేర్చుకున్నది అందుకు కాదు). ఇన్నేళ్లకు మనవరాలి పక్కన కూర్చొని అఆలు దిద్దాను. అది ఒకటో తరగతి దాటిపోయింది, నేనింకా ఒత్తుల దగ్గరే తంటాలు పడుతున్నాను. అయినా ఈ ఒక్క సంగతీ రాయకుంటే మనసు ఊరుకోదు.

పెళ్లయిన కొత్తలో పాలమూరు వైపు నుంచి వచ్చి, పట్నంలో కొత్తగూడ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో పనికి కుదిరాం. మా ఆయన గేటు దగ్గర వాచ్‌మన్, నేను మెట్లూ మేడా ఊడ్చేదాన్ని. ఎ బ్లాకు పై అంతస్తులో రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మగారు ఉండేవారు, సర్కారు ఉద్యోగం. ఆమెకు చీరల పిచ్చి లేదు, సీరియళ్ల పిచ్చి లేదు, రేడియో పిచ్చి ఉంది. పాటలు పాడే రేడియో కాదు, మనం మాట్లాడితే ఎక్కడో ఉన్నవాళ్లు బదులు చెప్పే రేడియో. దానికోసం పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నారు. మేడ మీద మెట్ల గదిలో ఆ పెట్టె, బయట దానికి ఒక పొడుగాటి తీగ. ఆ తీగనే ఏరియల్ అనేవారు. సెలవురోజు పొద్దున ఆమె కూర్చుంటే నేను చీపురు పక్కన పెట్టి గడప మీద కూర్చునేదాన్ని. గరగరల్లోంచి ఒక మనిషి గొంతు తేలి వచ్చేది. ఎవరమ్మా అంటే సిలోన్ ఆయన అనేవారు. ఏమంటుండు అంటే, అక్కడ వాన పడుతోందట, వాళ్ల తీగ మన తీగకంటే ఎత్తుగా కట్టారట. సముద్రం దాటి వచ్చేది ఈ ముచ్చటేనా అని నాకు నవ్వాగేది కాదు. కానీ మళ్లీ ఆదివారం వస్తే ముందుగా పోయి కూర్చునేది నేనే.

ఒకసారి గాలివానకు ఏరియల్ కట్టిన వెదురుబొంగు విరిగింది. తీగ కిందికి, మనిషి తల ఎత్తుకు జారింది. అదే సమయానికి నీళ్ల ట్యాంకు చూడటానికి వచ్చిన మీటింగు సారు కళ్లద్దాలు దానికి తగులుకొని కింద పడ్డాయి. ఆయన బి బ్లాకులో ఉండే అసోసియేషన్ పెద్ద, పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. లిఫ్టు ఆగినా మీటింగే, పిల్లి దూరినా మీటింగే, అందుకే మేం ఆ పేరు పెట్టుకున్నాం. ఆదివారం సాయంత్రంలోగా తీగ ఎవరికీ అడ్డం లేకుండా పైకి కట్టాలి, లేదంటే ఇక ఎప్పటికీ కట్టకూడదు, పొమ్మన్నాడు. పైకి కట్టాలంటే ఒకటే దారి. ఎ బ్లాకు ట్యాంకు మీది గుంజ నుంచి బి బ్లాకు ట్యాంకు మీది గుంజకు లాగాలి. నడుమ పెద్ద చెట్టు ఉంది. ఆదివారం పొద్దంతా అమ్మగారు దారానికి రాయి కట్టి విసిరారు, ప్రతి రాయినీ చెట్టు దాచుకుంది. చివరికి ఆమె గోడకు చేరగిలబడి, "తీగ లేకపోతే ఆ పెట్టె ఉత్త డబ్బానే. అమ్మేస్తానే ఇంక" అన్నారు. నేను చీపురు పక్కన పడేసి లేచాను.

"అమ్మా, జర నేనొక్కటి కొట్టి చూస్తా" అన్నాను.

పాత చీర అంచు చింపి ఒడిసెల పేనాను. రాయి వద్దని గుడ్డలో ఇసుక మూట కట్టాం. దానికి నైలాన్ దారం ముడేసి, మిగతా దారం చిక్కు పడకుండా నేను తడిగుడ్డ పిండే బకెట్‌లో చుట్లు చుట్లుగా వదిలాం. కొంగు బిగించి తిప్పాను. మూట చెట్టు మీదుగా పిట్టలా పోయింది. పోయిన సంతోషంలో అవతలి మేడ మీద ఎవరున్నారో చూసుకోలేదు. తీగ తీశారో లేదో చూద్దామని మీటింగు సారు చాయ్ కప్పుతో అప్పుడే పైకి వచ్చాడు. మూట ఆయన్ను దాటి పడింది, దారం మాత్రం ఆయన భుజం మీదుగా జంధ్యంలా దిగింది. నేను ట్యాంకు వెనక దాక్కున్నాను. కింద గేటు దగ్గర మా ఆయన తల పట్టుకోవడం కనిపించింది.

"కదలకండి సార్, తెంపకండి" అని అమ్మగారు పెద్ద ఆఫీసరులా కేకేశారు. "మెల్లగా మీవైపు లాగండి."

"ఏందమ్మా గిది, నన్ను పతంగి చేస్తున్నరా" అంటూనే ఆయన లాగాడు. దారం వెనక తాడు వచ్చింది. తాడు వెనక తీగ లేచింది. చిన్నప్పుడు మాంజా పట్టిన చెయ్యి కాబోలు, చాయ్ కప్పు ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. ఇంకొంచెం వదలమంటాడు, ఆగమంటాడు, చెట్టుకొమ్మ తప్పించమంటాడు. ఆఖరికి నిచ్చెనెక్కి గుంజకు తనే ముడి వేశాడు. తన చేత్తో కట్టినదాన్ని విప్పమని ఏ మీటింగులో చెబుతాడు?

ఆ వెంటనే ఇవతలి మేడకు వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. అమ్మగారు పిలిచారు, పిలిచారు. సిలోన్ ఆయన గొంతు పక్కింట్లోంచి పిలిచినంత తేటగా పలికింది. మీటింగు సారు ఉలిక్కిపడి లేచి నిలబడి దండం పెట్టాడు (పెట్టెకు). తర్వాత మెల్లగా అడిగాడు, "గా మూట ఇసిరింది ఎవరు?" ఇక నౌకరీ పోయిందనుకొని ట్యాంకు వెనక నుంచి వచ్చాను. ఆయన నన్నూ ఒడిసెలనూ కిందికీ మీదికీ చూశాడు.

"ఇంకోపారి ఇసురు బిడ్డా. మొదటిది నాకు సరిగ కనబడలే."

అమ్మగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. నేను విసరలేదు, సిగ్గేసింది.

ఆ సిగ్గు ఆ ఒక్క సాయంత్రమే. ఇరవై ఏళ్లు నిండీ నిండని అప్పటి నన్ను, ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ పిల్ల నోరు ఆపాలని మాత్రం అనిపించదు. మర్నాడు పొద్దున అది చీపురు పట్టనే లేదు. మొదట పాలాయనను ఆపి, మూట చెట్టు దాటిందని చెప్పింది. పేపరాయనకు చెప్పేటప్పటికి ఆ మూట బి బ్లాకు దాటింది. ఇస్త్రీ బండి దగ్గరికి పోయేసరికి కొత్తగూడ చౌరస్తా కూడా దాటిపోయింది.