లేబుల్ మీది ముప్పై రెండు అక్షరాలు

సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా చేసి బయటికొచ్చాక, ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. రిటైర్మెంటుకు మూడేళ్లుందనగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో, అక్కడి కంప్యూటర్ సెల్‌కు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. ఇన్‌ఛార్జి అన్నది పేరుకే. సంతకాలు ఇంజనీర్లవి, స్క్రూడ్రైవర్ నాది. నేను చదివింది పదో తరగతి. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారులో కొన్న పాత పుస్తకాలతో, విప్పి బిగించిన మెషిన్లతో నేర్చుకున్నదే నా కంప్యూటర్ చదువంతా.

ఆ నెలలోనే రెండు వందల కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటి డ్రైవ్‌లు తమకు తామే డేటాను గుప్తలిపిలోకి మార్చుకునే రకం. డ్రైవ్ లోపల ఒక చిప్ ఉంటుంది. మనం ఏది రాసినా అది గుప్తలిపిగా మార్చాకే లోపల భద్రపరుస్తుంది. అందుకు వాడే తాళం ఆ చిప్ దాటి ఎప్పుడూ బయటికి రాదు. మెషిన్ ఆన్ చేయగానే మనం కొట్టే పాస్‌వర్డ్, లోపలి తాళాన్ని వాడుకోవడానికి అనుమతి మాత్రమే. డ్రైవ్‌ను ఎవరైనా ఎత్తుకుపోయినా వాళ్లకు దక్కేది పిచ్చిగీతలు.

సరఫరా చేసినవాళ్లు రెండు రోజుల శిక్షణ పెట్టారు. డిగ్రీ ఉన్నవాళ్లనే పంపారు. నా పేరెందుకు లేదని పరిపాలన అధికారిని అడిగితే నవ్వాడు. "అరే రెడ్డి జీ, ఆప్ తో ఖుద్ ఉస్తాద్ హైఁ. ఆప్‌కో కౌన్ సిఖాయేగా?" తమరే గురువులు, తమకెవరు నేర్పుతారు అని. పక్కనున్న ఇద్దరు కూడా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. శిక్షణకు వెళ్లొచ్చిన ఇంజనీరు త్యాగి తన నోట్సు ఇవ్వబోతే, అక్కర్లేదన్నాను. అది నా పొగరు.

ప్రతి డ్రైవ్ లేబుల్ మీదా ముప్పై రెండు అక్షరాల సంఖ్య ఒకటి అచ్చేసి ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోతే తెరవడానికి కంపెనీ ఇచ్చిన మారుతాళం అదేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. భూతద్దం పెట్టుకుని రెండు వందల సంఖ్యలూ ఒక రిజిస్టర్‌లో ఎక్కించాను. ప్రతి మెషిన్‌కూ రెండో పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, కవరులో సీలు వేసి బీరువాలో పెట్టాలని త్యాగి ఒకసారి అన్నాడు. "రిజిస్టర్ ఉందిగా భయ్యా, కవర్లెందుకు" అన్నాను. అప్పట్నుంచి కార్యాలయమంతా అదే మాట. పాస్‌వర్డ్ రాసి పెట్టుకున్నవాళ్లు లేరు, కాపీ తీసుకున్నవాళ్లూ లేరు.

మరుసటి ఏడాది పద్మజగారు నా గదికి వచ్చారు. ఆమె సెక్షన్ ఆఫీసరు, సొంతూరు అమలాపురం, ఉండేది ఢిల్లీలోని ద్వారకలో. హోదాలో నాకంటే పెద్ద, వయసులో నా కూతురంత. నలుగురిలో మేడమ్ అనేవాణ్ణి, ఇద్దరమే ఉంటే అమ్మా అనేవాణ్ణి.

"రెడ్డిగారూ, ఆపరేషన్ సెలవు నుంచి ఇవాళే వచ్చానండి. పాస్‌వర్డ్ ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు."

"మత్తుమందు ఇచ్చినారు కదమ్మా, ఆ డాక్టర్ను అడగాల్సింది."

ఆమె నవ్వలేదు. సంగతి చెప్పారు. మా శాఖ శిక్షణ కేంద్రంలో పైకప్పు పెచ్చు ఊడి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ఆ భవనం వాడకానికి పనికిరాదని ఫైల్‌లో ముందే ఎందుకు రాయలేదని ఆమెకు ఛార్జిషీటు ఇచ్చారు. నిజానికి ఆమె ముందే రాశారు. పైఅధికారి దాన్ని తోసిపుచ్చాడు. ఇప్పుడు ఆ ఫైలు కనబడటం లేదు. ఆ పేజీని ఆమె స్కాన్ చేసి తన మెషిన్‌లో దాచారు. నెట్‌కు కలపని మెషిన్ కాబట్టి ఇంకెక్కడా కాపీ లేదు.

"మీ రిజిస్టర్ ఉందని ధైర్యంగా ఉన్నానండి."

"ఉండమ్మా, రెండు నిమిషాల పని," అన్నాను.

రిజిస్టర్ చూసి సంఖ్య కొట్టాను. ఉన్నదంతా పోతుందని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. అలాంటివి ప్రతి సాఫ్ట్‌వేరూ చూపిస్తుందిలే అనుకుని సరే నొక్కాను. క్షణంలో పని పూర్తయినట్టు చూపించింది. మెషిన్ మళ్లీ ఆన్ చేస్తే డ్రైవ్ ఖాళీ.

"తెరుచుకుందాండీ?"

"రేపు చెప్తానమ్మా."

పాత డ్రైవ్‌లైతే చెరిపేసినా తవ్వి తీసేవాణ్ణి, ఆ పేరు నాకుంది. ఆ ధీమాతో నా దగ్గరున్న సాధనాలన్నీ పెట్టాను. ఎక్కడ చూసినా అర్థం లేని అంకెలే. సిగ్గు విడిచి త్యాగిని పిలిచాను. స్క్రీన్‌నూ, రిజిస్టర్‌నూ చూశాడు. "సర్ జీ, యే చాబీ నహీఁ థీ," అన్నాడు. ఇది తాళంచెవి కాదు. పాస్‌వర్డ్ పోయిన డ్రైవ్ తుక్కు కాకుండా మళ్లీ వాడుకోవడానికి ఇచ్చిన సంఖ్య అది. అది కొడితే చిప్ పాత తాళాన్ని పారేసి కొత్తది పుట్టిస్తుంది. పాత తాళంతో రాసినదాన్ని ఇక తయారుచేసినవాళ్లు కూడా చదవలేరు.

ఇంతవరకూ జరిగింది నా అజ్ఞానం. ఆ తర్వాత నేను చేసినదానికి ఆ పేరు చెల్లదు. చేసిన ప్రతి మరమ్మతుకూ మేం జాబ్ షీట్ రాయాలి. అందులో "డ్రైవ్ ఫెయిల్, డేటా రాలేదు" అని రాశాను. తప్పుడు సంఖ్య కొట్టి నేనే చెరిపానని రాస్తే ఆ ఉస్తాద్ అన్నవాడు ఇంకెంత నవ్వుతాడో అనుకున్నాను. త్యాగి షీట్ చదివి, నా ముఖం చూసి, సంతకం పెట్టాడు.

విచారణాధికారి ఆ షీట్ పట్టుకుని పద్మజగారిని అడిగాడట: మేం కాగితం అడిగిన నెలలోనే డ్రైవ్ పాడయిందా, అసలు అందులో అలాంటి కాగితం ఉండేదని నమ్మకమేమిటి? నన్నొక్కసారి పిలిచి అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఏమో. పిలవకపోయినా నేనే వెళ్లి చెప్పొచ్చు, కాళ్లు కదల్లేదు. ఆమెకు రావలసిన ప్రమోషన్ ఆపేశారు. అప్పీలు గడువూ దాటిపోయింది.

నా పెన్షన్ కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాక, జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి కార్యాలయంలో ఇచ్చాను. కేసు ముగిసిందని జవాబొచ్చింది. ఆ కాపీ పట్టుకుని ద్వారకలో వాళ్లింటికి వెళ్లాను. నిలబడే రెండుసార్లు చదివారు.

"డ్రైవ్ పాడయిందనే ఇన్నాళ్లూ నమ్మానండి. నా ఖర్మ అనుకున్నాను," అన్నారు. కాగితం మడుస్తూ, "ఈ కాగితం ఆ రోజు ఉంటే సరిపోయేది రెడ్డిగారూ. ఆ స్కాన్ లేకపోయినా సరిపోయేది," అన్నారు.

టీ తాగమనలేదు. నేనూ కూర్చోలేదు.

ఆ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏ సంఖ్య ఏం చేస్తుందో తెలియకపోతే, ఎవరు నవ్వినా సరే, అడిగి తెలుసుకోవాలి. చేతిలో ఏదైనా పాడైతే, ఎలా పాడయిందో ఆ రోజే జాబ్ షీట్‌లో రాయాలి. ఆలస్యంగా రాసిన నిజం ఫైల్‌లో చేరుతుంది, కేసులో చేరదు.